కంట్లో తెల్ల చుక్క

మా నాన్న గున్నయ్య పోయినవాళ్ళ బొమ్మలు వేసేవాడు. ఒడిశాలోని జయపురం బజార్లో బోర్డులు రాయడం ఆయన తిండి, ఈ బొమ్మలు ఆయన పిచ్చి. చేతిలో ఫొటో పెట్టగానే దానివంక చూసేవాడు కాదు. "ఏ గోడకి తగిలిత్తారు? కిటికీ ఏ పక్కనుంది?" అని అడిగేవాడు. మనిషి పోయిన దుఃఖంలో ఉన్నవాళ్ళకి కిటికీ సంగతి ఏం గుర్తుంటుంది? అయినా చెప్పేదాకా వదిలేవాడు కాదు.

ముఖానికి ముందు లేత ఆకుపచ్చ పూసేవాడు. చిన్నప్పుడు నేను చూసి, శవంలా ఉందని ఏడ్చాను. "సర్మం కింద నరాలుంటాయమ్మి, ఆటిని ముందెయ్యాల" అన్నాడు. అది ఆరాక ఎరుపూ పసుపూ పల్చగా, పొరమీద పొర. ఇంక కళ్ళు. కళ్ళలోని తెల్ల చుక్క మాత్రం వాళ్ళింటికి వెళ్ళి, బొమ్మని గోడకి తగిలించాకే పెట్టేవాడు. ఉడుత తోక వెంట్రుకలు మూడు కట్టిన కుంచె అందుకే ఉండేది. కిటికీ ఎడమనుంటే చుక్క ఎడమకి, కుడినుంటే కుడికి. అప్పుడా మనిషి ఆ గదిలోనే కూర్చుని ఆ వెలుగే చూస్తున్నట్టుంటుంది.

"కొండల్లో సవరోళ్ళు సచ్చినోళ్ళ కోసం గోడమీద ముందు ఇల్లు గీత్తారు, ఆ తరవాతే ఆళ్ళని పిలుత్తారు. మనం కంట్లో ఇల్లెట్టాల" అనేవాడు. మందు ఎక్కువైందనుకునేదాన్ని.

నా పేరు సూర్యావతి. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆయన బోర్డుల కొట్లోనే ఫ్లెక్సులు ప్రింటు చేస్తున్నాను. కుంచె పట్టడం నాకూ వచ్చు, ఓపికే రాదు.

మొన్న ఆషాఢంలో పాపాయమ్మ అనే ఆవిడ ఫోను చేసింది. పదకొండేళ్ళ కిందట ఆవిడ కొడుకు రాకేష్ బొమ్మ నాన్నే వేశాడట. అప్పుడు రాయగడ రైల్వే క్వార్టర్లో ఉండేవారు. భర్త గంగరాజు రిటైరయ్యాక కల్యాణసింగ్‌పూర్లో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్ళారు.

"మావోడు నాకేసి సూడ్డం మానేసేడమ్మి" అంది.

"బొమ్మ చూడ్డం మానెయ్యడం ఏంటి పిన్నీ?"

"ఆ క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ సూసేడు. ఈ ఇంటికొచ్చిన కాణ్ణించీ సూడ్డు. ఎల్లిపోయేడేమో."

ఫొటో పంపితే పెద్దగా ప్రింటు తీసిస్తానన్నాను. ఆవిడ ఏడ్చింది. ఏడిచేవాళ్ళంటే నాకు విసుగు, అయినా మర్నాడే నాన్న రంగుల పెట్టె పట్టుకుని రైలెక్కాను. రాయగడలో దిగి బస్సు.

ఇంటి ముందు వరండాలో గంగరాజు వీధివైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నమస్కారం పెడితే తలూపాడు, అంతే. లోపలికి వెళ్తూనే పాపాయమ్మ గొంతు తగ్గించి చెప్పింది. ఆ రోజు కొడుకుతో మాటా మాటా పెరిగి, "నా కళ్ళకి కనపడకు, ఫో" అన్నాడట గంగరాజు. వాడు బండి తీసుకుని ఘాటీ రోడ్డెక్కాడు. మళ్ళీ రాలేదు.

"మీ నాన్న సుక్క పెట్టిన రోజున కూడా ఈయన ఇంట్లో లేడు. కావాలనే డూటీకెల్లిపోయేడు. నానొక్కదాన్నే కిటికీకాడ నిలబడి సూసేను. ఇప్పటికీ బొమ్మున్న గదిలోకి రాడు, వరండాలోనే తొంగుంటాడు."

బొమ్మ చూశాను. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, నల్లని జుట్టు, నవ్వబోయి ఆగిన పెదవులు. చెంప కింది నీడలో నాన్న ఆకుపచ్చ కనపడుతోంది. వాడు నిజంగానే ఆ గదిలో లేడు. కళ్ళు ఎటో, గోడలోంచి ఎక్కడికో చూస్తున్నాయి. కారణం నిమిషంలో తెలిసింది. చుక్కలు ఎడమకి ఉన్నాయి. ఈ ఇంట్లో కిటికీ కుడిపక్క. బొమ్మని మరో గోడకి మార్చుదామంటే ఆ గదిలో దానికి చాలినంత గోడ అదొక్కటే.

"పాత చుక్కలు గీకేసి కుడికి పెడతాను. మళ్ళీ చూస్తాడు" అన్నాను ధీమాగా.

పెట్టెలో భూతద్దం ఉంది. తీయడానికి బద్ధకించాను. బ్లేడుతో ఎడమ కంటి చుక్క గీకేశాను. గోరంత తెల్ల పొడి రాలింది. ఆ కన్ను ఆరిపోయింది. పాపాయమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మొదటిసారి భయమేసింది. అప్పుడు తీశాను భూతద్దం, కుడి కన్నైనా జాగ్రత్తగా గీకుదామని.

అది చుక్క కాదు. కిటికీ. నాలుగు పలకల కిటికీ, మధ్యలో అడ్డకమ్మీ. కిటికీ ముందు చీర కట్టుకున్న ఆడమనిషి నిలబడి ఉంది. నువ్వుగింజలో సగం లేదు, అయినా భుజమ్మీద కొంగుతో సహా ఉంది. మూడు వెంట్రుకల కుంచెతో ఇదెలా వేశాడో నాకిప్పటికీ అర్థం కాదు. ఫ్లెక్సు మిషను ముందు కూర్చుని నాన్న పనిని తక్కువగా చూసినందుకు నన్ను నేను కొట్టుకోవాలనిపించింది.

భూతద్దం పాపాయమ్మకిచ్చాను. చాలాసేపు చూసింది.

"ఇది నానే" అంది. "ఇన్నేళ్ళూ ఆడి కంట్లో నానున్నాను."

గుమ్మంలో అలికిడైంది. గంగరాజు. గది లోపలికి కాలు పెట్టలేదు, తల దించుకునే ఉన్నాడు.

"ఆ గీకేసిన కంట్లో ఎవరున్నారమ్మా?"

ఎవరుంటారు? రెండు కళ్ళూ చూసేది ఒకే కిటికీని. అందులోనూ పాపాయమ్మే ఉండి ఉంటుంది. చూడకుండా గీకింది నేను. నిజం చెప్పడం నాకు అలవాటు, దాంతోనే చాలామందికి దూరమయ్యాను.

"మీరే బాబాయ్" అన్నాను.

పాపాయమ్మ నావంక చూసింది.

గంగరాజు లోపలికొచ్చాడు. గోడ పట్టుకుని, బొమ్మకి ఎదురుపడకుండా పక్కగా నడిచి కిటికీ దగ్గరికెళ్ళాడు. తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"ఇక్కడ నిలబడతాను. మళ్ళీ ఎయ్యి" అన్నాడు.

ఎడమ కంట్లో, కుడివైపున, ఈ ఇంటి కిటికీ పెట్టాను. రెండే పలకలు. దాని ముందు వంగిన భుజాలతో ఒక ముసలాయన. ఊపిరి బిగబట్టి వేశాను. వేసేది నా చెయ్యిలా లేదు. కుడి కంటిని ముట్టుకోలేదు. ఒక కంట్లో పాత ఇంటి వెలుగు, ఇంకో కంట్లో ఈ ఇంటి వెలుగు. అలాంటి కళ్ళు బతికున్న మనిషికి ఉండవు. నాన్న చూస్తే కుంచె లాక్కునేవాడు.

కుంచె తీసి వెనక్కి జరిగాను. రాకేష్ గదిలో ఉన్నాడు. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు. ముగ్గురం కాదు, నలుగురం ఉన్నాం.

"ఇంకా కోపంగానే సూత్తన్నాడా?" అన్నాడు గంగరాజు. సూటిగా బొమ్మనే చూస్తున్నాడు, అయినా నన్నడిగాడు.

ఇంకో అబద్ధం కోసం నోరు తెరిచాను. పాపాయమ్మ అడ్డొచ్చింది.

"ఆడికి కోపమెక్కడుంది? ఆడు సూత్తానే ఉన్నాడు. మీరే తల ఎత్తలేదు."

గంగరాజు పెదవులు కదిలాయి. కొడుకుతో ఏం చెప్పాడో మాకు వినపడలేదు. బయట వాన పట్టింది, గదిలో వెలుగు తగ్గుతోంది. రాయగడ బస్సు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాను. ఆయన కిటికీ ముందు అలాగే కదలకుండా నిలబడి ఉన్నాడు, నేనింకా వేస్తున్నాననుకుని.

పని అయిపోయిందని నేను చెప్పలేదు.