టవర్ ఆపిన పూట

గాడిద వీపు మీంచి డీజిల్ డబ్బా దించి, ముకాష్ మొదట దాని మూతి దగ్గర వాసన చూశాడు. ఊళ్లో డీజిల్ అమ్మేవాడు వరసకు మేనల్లుడే అయినా, నీళ్లు కలిపేటప్పుడు వాడికి చుట్టరికాలు గుర్తుండవు. ఇవాళ్టి సరుకు బాగానే ఉంది. గరాటులో పాత చొక్కా ముక్క పరిచి, వడగట్టుకుంటూ జనరేటర్ ట్యాంకులో పోశాడు. తర్వాత పొరక తీసుకుని, రాత్రి కురిసిన మంచును సెల్‌ఫోన్ టవర్ కాళ్ల చుట్టూ ఊడ్చాడు.

యాభై దాటిన మనిషి. చిన్నప్పట్నుంచీ గుర్రం మీదే బతికినందువల్ల కాళ్లు వంకర తిరిగాయి. నేల మీద నడుస్తున్నా కింద గుర్రం ఉన్నట్టే ఉంటాడు. చెంపలు చలికి కమిలి నల్లబడ్డాయి. గోళ్లలో ఎంత కడిగినా వదలని డీజిల్ మురికి. ఆ చేతుల్తో పిండి ముట్టుకోవద్దని భార్య రోజూ కసురుతుంది. సోవియట్ రోజుల్లో సామూహిక క్షేత్రం గొర్రెలు కాశాడు. అది మూతపడి, గొర్రెలు పంపకాలయ్యాక, గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న అతణ్ణి ఈ కాపలా పనిలో పెట్టించింది తమ్ముడు తాబిల్దీ.

తాబిల్దీది టవర్లు నిలబెట్టే పని. కిర్గిజ్ దేశం చిన్నదే. కానీ ప్రతి లోయకూ ఒక కొండ అడ్డం, ప్రతి కొండకూ ఒక టవర్ కావాలి. ముందు బిష్కెక్‌లో, తర్వాత సరస్సు ఒడ్డున, ఇప్పుడు కనుమల్లో ఫోన్లు మోగుతున్నాయి. కొత్త టవర్‌కి సిగ్నల్ రాగానే తాబిల్దీ కొసన కూర్చుని మొదటి ఫోన్ అన్నకే చేస్తాడు. తల్లి పోయేనాటికి వాడు పాలు తాగే బిడ్డ. ముకాష్ వాణ్ణి తన కోటులో చుట్టి, జీను మీద ముందు కూర్చోబెట్టుకుని, గొర్రెల వెంట తిప్పుతూ పెంచాడు. అంత ఎత్తులు ఎక్కే ధైర్యం వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం అంతుపట్టదు.

ఇవాళ పొద్దున కూడా ఫోన్ చేశాడు.

"అన్నా, ఈ సూసమీర్ లోయ టవర్ ఇవాళ్టితో అయిపోతుంది. మధ్యాహ్నం పైనుంచి చేస్తా."

"మంచు పడుతోందా?"

"పడకపోతే అది సూసమీరెందుకవుతుంది?"

"చేతులు తుడుచుకుని ఎక్కు."

"నేనేమన్నా గొర్రెపిల్లనా అన్నా?"

"గొర్రెపిల్లకైతే చెప్పక్కర్లేదు. దానికి బుర్ర ఉంటుంది."

తాబిల్దీ పడీపడీ నవ్వాడు. వాడి నవ్వు విన్నాక ముకాష్‌కి రోజంతా తేలిగ్గా గడుస్తుంది.

మధ్యాహ్నం రొట్టె, ఎండుపెరుగు ఉండలు ముందేసుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది. తమ్ముడు కాదు, ఊరి పెద్ద సాదీర్.

"ముకాష్, టవర్ ఆపు."

ముకాష్‌కి విషయం అర్థమైంది. రక్తసంబంధీకుల చావు కబురు ఆ ఊళ్లో ఎవరికీ ఉన్నపళంగా చెప్పరు. పెద్దలు నలుగురూ కలిసి వెళ్లి, పక్కన చేరి, భుజం పట్టుకుని చెప్తారు. అప్పటిదాకా ఊరంతటికీ తెలిసినా ఆ మనిషికి తెలియకూడదు. ఫోన్లొచ్చి ఈ మర్యాదను చెడగొట్టాయి. నిరుడు బురుల్ అనే ఆవిడ ఆవు పాలు పితుకుతూ, తండ్రి పోయాడని ఫోన్లో విని అక్కడికక్కడే పడిపోయింది. పెద్దలకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచీ అలాంటి పని మీద బయల్దేరే ముందు వాళ్లు టవర్ ఆపిస్తున్నారు. డీజిల్ గడ్డ కట్టిందని ముకాష్ టవర్ కంపెనీ ఆఫీసుకు అబద్ధం చెప్తున్నాడు.

"ఎవరికి, పెద్దాయనా?"

"అడక్కు."

"మా తాబిల్దీ ఫోన్ చేస్తానన్నాడు. కాస్త ఆగి ఆపితే..."

"ఆపరా నాయనా," అన్నాడు సాదీర్. "ఆఫీసుతో నేను మాట్లాడాన్లే."

ఈ ముసలాయనకి ఆఫీసుతో పరిచయం ఎప్పుడైందో అనుకుంటూ ముకాష్ లేచి స్విచ్ కట్టేశాడు. జనరేటర్ దగ్గి దగ్గి ఆగింది. గాలి చప్పుడు మాత్రం మిగిలింది. తమ్ముడు అంత ఎత్తున కూర్చుని ఫోన్ చేస్తాడు, ఇక్కడ పలికేవాడుండడు. ముకాష్‌కి బాధేసింది. వాడికి రాత్రికి సర్ది చెప్పుకోవచ్చులే అనుకుని కంచె దగ్గరికొచ్చి కిందికి చూశాడు.

ఊరు మొత్తం కనిపిస్తోంది. జీపార్ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఆమె భర్త రష్యాలో భవనాల పనికి పోయాడు, నెల నుంచీ అయిపూ అజా లేడు. ఆమెకే అయ్యుంటుంది. ముగ్గురు పిల్లల్ని వేసుకుని ఏం చేస్తుందో, పాపం!

సాదీర్ ఇంటి ముందు నుంచి నలుగురు గుర్రాల మీద బయల్దేరారు. వెనక జీను వేసిన గుర్రం ఇంకొకటి, మనిషి లేకుండా. వాళ్లు జీపార్ గుమ్మం దగ్గరికొచ్చారు. ఆమె తడిబట్ట పట్టుకుని కొయ్యబారిపోయింది. వాళ్లు ఆగలేదు. జీపార్ గోడకు ఆనుకుని కూలబడింది. హమ్మయ్య, ఆమెకు కాదన్నమాట! ముకాష్‌కి నిజంగా సంతోషమేసింది.

గుర్రాలు బడి దాటాయి. పిండిమర దాటాయి. వంతెన ఎక్కాయి.

వంతెన ఇవతల ఇళ్లు లేవు. ఆ బాట కొండ మీదికి, టవర్ దగ్గరికి తప్ప ఎక్కడికీ పోదు.

ముకాష్ కంచె తీగ పట్టుకున్నాడు. స్విచ్ నాలుగడుగుల్లో ఉంది. వేస్తే చాలు, సూసమీర్‌కి ఫోన్ కలుస్తుంది. అటు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఊళ్లో అందరూ పెద్దలు వచ్చేదాకా ఆగారు, తనూ ఆగాలి. నెత్తి మీద టోపీ సరిచేసుకుని, ఇంటికొచ్చే చుట్టాలకు ఎదురెళ్లినట్టు గేటు దగ్గర నిలబడ్డాడు.

సాదీర్ గుర్రం దిగి, రెండు చేతులతో అతని భుజాలు పట్టుకున్నాడు.

"ముకాష్, గట్టిగా ఉండాలి. మన తాబిల్దీ మనకి లేడు."

ముకాష్ చాలాసేపు టవర్ కొస వైపు చూశాడు.

"ఎక్కుతుంటేనా, దిగుతుంటేనా?"

"దిగుతుంటే."

"అయితే వాడు నాకు చేసుంటాడు," అన్నాడు ముకాష్. "నేనే కట్టేశాను."

"లేదురా. నేను నీకు చెప్పేటప్పటికే అయిపోయింది. నువ్వు రొట్టె తినే వేళకే అయిపోయింది."

దిగుతుంటే అన్నది నిజమో, పెద్దరికంతో చెప్పిందో ముకాష్ అడగలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు నడుముకు గుడ్డ బిగించి కట్టుకోవాలి. సాదీర్ అతని పాత బెల్టు విప్పి కింద పెట్టి, తను తెచ్చిన గుడ్డ కట్టాడు. నలుగురూ పట్టి ఖాళీ గుర్రం మీద ఎక్కించారు. వంతెన దగ్గరికొచ్చాక మొదటిసారి అతని నోట "తమ్ముడా!" అన్న కేక వచ్చింది. గొంతు కలిపి నలుగురూ ఏడ్చారు. ఊళ్లో జనం ఒక్కొక్కరే బయటికొచ్చి నిలబడ్డారు.

కొండ మీద జనరేటర్ గది ముందు మంచులో తోలుబెల్టు పడి ఉంది, ఇంకా ఒక మనిషి నడుమంత గుండ్రంగా.