గుంటూరులో చలికోటు

నేను ఒక చలికోటును. ఉండేది గుంటూరులో. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మే నెలలో కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే ఊళ్ళో, మోకాళ్ళ కిందికి దిగే ఉన్నికోటు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నా సంగతంతా విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడూ నవ్వండి.

పుట్టింది ఆస్ట్రియాలో, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో. ఉన్నిని నానబెట్టి, బాది బాది, వానచుక్క లోపలికి దిగనంత చిక్కటి గుడ్డ చేసి నన్ను కుట్టారు. ముదురాకుపచ్చ రంగు, కొమ్ము గుండీలు. నా మొదటి యజమాని గడియారాలు బాగుచేసే ముసలాయన. కొండకి అవతల ఇటలీలో ఆయన తమ్ముడుండేవాడు. అన్నదమ్ములకి క్షణం పడదు. అయినా ఆదివారం వచ్చిందంటే ఈయన నన్ను తొడుక్కుని రైలెక్కడం, వెళ్ళి తమ్ముడితో పోట్లాడటం, చీకటి పడేలోగా తిరిగి రావడం. ఆ కొండదారి, ఆ సొరంగాలు, సొరంగం దాటగానే కళ్ళు చెదిరేలా కనిపించే మంచు, అన్నీ నాకు కొట్టిన పిండి. ఆయన పోయాక పిల్లలు నన్ను సంచిలో కుక్కి ధర్మానికి ఇచ్చేశారు. ధర్మానికిచ్చిన వస్తువుని అమ్ముకోవడం మనుషుల్లో తప్పు కాదట. బేళ్ళు కట్టి, ఓడెక్కించి, చివరికి హైదరాబాదులో కోఠీ ఫుట్‌పాత్ మీద గుట్టగా పోశారు.

పున్నారావు నన్ను చూసింది అక్కడే. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆయన సూపర్‌వైజరు. రైతులు తెచ్చిన మిరపకాయల మూటల్ని చల్లటి గదుల్లో పేర్పించడం, మంచి ధర వచ్చినప్పుడు తీయించడం ఆయన పని. యూరప్‌లో రైళ్ళ మీద తిరగాలంటే ఏం చెయ్యాలో ట్రావెల్ ఆఫీసులో కనుక్కోవడానికి వచ్చాడు. మండుటెండలో నన్ను తొడుక్కుని, అద్దం లేక, ఆగి ఉన్న కారు కిటికీలో చూసుకుని మురిసిపోయాడు. బేరం సంగతి మాత్రం చెప్పను. నా పరువు పోతుంది.

"ఏందయ్యా ఇది? ఎలుగ్గొడ్డునేమన్నా తోలుకొచ్చావా?" అంది ఆయన భార్య సామ్రాజ్యం గుమ్మంలోనే. "ఎవరు తొడిగి పారేసిందో ఏమో! ముందు దాన్ని బయటెయ్యి."

వేణ్ణీళ్ళలో ముంచి ఉతికి ఆరేసింది. నాలాంటి ఉన్నిని వేణ్ణీళ్ళలో ముంచకూడదు, కానీ ఆవిడకి చెప్పేదెవరు? కాస్త కుంచించుకుపోయాను. దాంతో పున్నారావుకి అచ్చంగా కుదిరాను.

సామ్రాజ్యం గుణం ఒకటి మీకు చెప్పాలి. ఉన్నమాట మొహం మీద అనేస్తుంది. పెళ్ళికి వెళ్తే సాంబారులో ఉప్పు తక్కువైందని వంటవాడికే చెప్పి వస్తుంది. అబద్ధం ఆడటం చేతకాదు. చేతకానందుకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ ఇంట్లో పిల్లలు లేరు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే ఇద్దరూ మంచం మీద కూర్చుని ఫోన్‌లో యూరప్ మ్యాపు తెరిచేవాళ్ళు. పారిస్‌లో విమానం దిగాలి. అక్కణ్ణించి అంతా రైలే. స్విట్జర్లాండ్, అక్కడ మంచుకొండ ఎక్కే చిన్నరైలు, తర్వాత ఆస్ట్రియా, చివరికి ఇటలీ. వెళ్ళేది డిసెంబరులో.

"ఉజ్జోగంలో చేరినకాణ్ణించీ చలిలోనే ఉన్నా సామ్రాజ్యం," అనేవాడాయన. "అదంతా మిరపకాయల కోసం కరెంటుతో చేసిన చలి. ఒక్కసారి దేవుడు చేసిన చలి చూడాలి. నువ్వు కిటికీ పక్కన కూర్చోవాల, నేను నీ పక్కన కూర్చోవాల."

"చాల్లే సంబడం," అనేది మొదట్లో. పోనుపోను ఆవిడ వేలు కూడా మ్యాపు మీద తిరగడం మొదలుపెట్టింది.

"దేశం మారేకాడ రైలాపి మనల్ని దించుతారా?"

"ఆపరంట."

"మరి దేశం మారినట్టు ఎట్టా తెలుసుద్ది?"

"తెలీదంట."

ఆవిడకి నమ్మకం కుదరలేదు. కృష్ణ వంతెన మీద రైలు చప్పుడు మారితే బెజవాడ వచ్చిందని నిద్దట్లో కూడా తెలుస్తుందే, ఏకంగా దేశమే మారితే తెలియకపోవడమేమిటని దెబ్బలాడింది. నేను చెప్పగలిగితే చెప్పేవాణ్ణి: మైకులో భాష మారుతుందమ్మా, కాఫీ రుచి మారుతుంది, అంతే. సరిహద్దుల కోసం తలలు బద్దలు కొట్టుకున్న మనుషులే ఇప్పుడు వాటిని నిద్రపోతూ దాటేస్తున్నారు.

ఒకచోట రైలు దిగి ఇంకో రైలెక్కడానికి ఐదారు నిమిషాలే ఉందని తెలిసి ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "తెనాల్లో వంతెనెక్కి దిగేసరికే నీకు ఆయాసమొచ్చిద్ది. ఇక్కడ పెట్టెలేసుకుని పరిగెత్తుతావా? తర్వాత రైలు చూడు."

ఆయన నవ్వి తర్వాత రైలు చూశాడు. ఆయాసం అన్న మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

చలికి అలవాటు పడాలని మే నెలలో ఓ ఆదివారం ఆవిణ్ణి కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళాడు. బయట నిప్పులు చెరుగుతోంది. లోపల ఆయన నన్ను తొడుక్కుని, ఆవిడ రెండు చీరలమీద స్వెట్టరు, శాలువా కప్పుకుని మిర్చి మూటల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఫ్లాస్కులో టీ తాగుతూ ఆయన స్టేషన్ల పేర్లు పిలుస్తుంటే, ఏ పేరూ సరిగ్గా పలకడం లేదని నాకు తెలుసు, అయినా భలే సంతోషమేసింది. తలుపు దగ్గర మిషన్ ఆపరేటరు సుభానీ పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడే పున్నారావుకి దగ్గు తెర వచ్చింది.

"ఆ దగ్గేంది?" అంది సామ్రాజ్యం.

"ఘాటు," అన్నాడు.

గుంటూరులో ఎవరు దగ్గినా ఘాటే. మిర్చి యార్డులో దగ్గుతారు, బజార్లో దగ్గుతారు, ఇంట్లో తాలింపు పెట్టినా దగ్గుతారు. అక్కడ దగ్గుకి ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. కానీ నేను ఆయన ఛాతీని ఆనుకుని ఉన్నాను. ఎండుమిరపకాయని చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమంటాయే, అలాంటి చప్పుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోపల వినిపించేది. అది ఘాటు కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికి చెప్పను?

దగ్గు తగ్గకపోయేసరికి సామ్రాజ్యం తప్పు నా మీద వేసింది. నాకు మిర్చి ఘాటు పట్టిందని, నన్ను తొడుక్కోబట్టే దగ్గు పెరిగిందని, మళ్ళీ ఉతికి, దులిపి, ఎండలో పడేసింది. నేను కాదనలేదు. నిజంగా తప్పు నాదే అయితే ఎంత బాగుండేదో.

వానలు వెనకపట్టాక ఒకరోజు ఆయన మెట్ల మీదే కూలబడిపోయాడు. డాక్టరు ఫోటోలు తీయించి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నాడు. ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ము. కాస్త ముందొచ్చి ఉంటే ఏదన్నా చేసేవాళ్ళమన్నాడు. ఇది విన్న పున్నారావు అడిగిందేమిటో తెలుసా?

"డిసెంబరుకి తగ్గుద్దా సార్? మేం రైలెక్కాల."

డాక్టరు సామ్రాజ్యం వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది.

ఆయన ప్లాను మానలేదు. మంచం మీదే, పక్కన ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుని, ఫోన్ గుండెల మీద ఆనించుకుని చూసేవాడు. తిరుగుడు ఎక్కువైందని ముందు ఇటలీ తీసేశాడు. ఆ తర్వాత పారిస్‌లో ఏముందిలే, జనం, అన్నాడు. ఆస్ట్రియా తీసేసిన రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆఖరికి మంచుకొండ ఎక్కే ఆ ఒక్క చిన్నరైలు మిగిలింది. "అదొక్కటి చాల్లే. అదెక్కి వచ్చేద్దాం," అనేవాడు. సామ్రాజ్యం ఊఁ కొట్టేది కాదు. నోరు మెదిపితే నిజం బయటికొస్తుందని పెదవులు బిగపట్టుకుని కాళ్ళు నొక్కుతూ కూర్చునేది.

దసరా వెళ్ళింది. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్క ఉడికించేస్తోంది. సామ్రాజ్యం ఒంటిమీద చెమట ధారగా కారుతోంది. ఆ సమయంలో ఆయనకి జ్వరమొచ్చి చలి పట్టుకుంది. దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆవిడ పరిగెత్తుకొచ్చి కొక్కేనికున్న నన్ను లాగి ఆయన మీద కప్పింది.

కాసేపటికి వణుకు తగ్గింది. కళ్ళు తెరిచాడు. చేత్తో నా కాలరు తడిమాడు. కిటికీలోంచి ఎండ తెల్లగా, చూడలేనంత తెల్లగా పడుతోంది. అటు చూశాడు. నేనెరిగినన్నాళ్ళలో ఆ మొహం అంతగా విప్పారడం చూడలేదు.

"వచ్చేశామా సామ్రాజ్యం?" అన్నాడు.

ఆవిడ మందు చేతిలోకి తీసుకుంది. మనిషికి మతి తప్పుతోందనుకుంది. గట్టిగా నాలుగు మాటలంటే మళ్ళీ తెలివిలోకి వస్తాడనుకుంది.

"ఎక్కడికయ్యా వచ్చేది? గుంటూర్లోనే ఉన్నాం. ఇటు తిరుగు, మందేసుకో."

"ఓహో," అన్నాడాయన. మన స్టేషన్ ఇంకా రాలేదని ఎవరో చెబితే మళ్ళీ సీట్లో సర్దుకునే మనిషిలా అన్నాడు. మందు మింగి గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత ఒక్క మాటా మాట్లాడలేదు. దీపాలు పెట్టేవేళకి ఆ గలగల ఆగిపోయింది. నేను మీదనే ఉన్నాను కనక ముందు తెలిసింది నాకే.

దినకర్మలయ్యాక బంధువులు ఆయన బట్టలన్నీ ఎవరెవరికో పంచేశారు. మరదలు నా మీద చెయ్యి వేసింది. "ఈ ఎండల ఊళ్ళో ఇదెందుకు వదినా, ఇచ్చెయ్యరాదూ?"

"దాన్ని ముట్టుకోబాకు," అంది సామ్రాజ్యం. ఆ గొంతు విని మరదలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

అందరూ వెళ్ళిపోయాక ఆవిడ నా దగ్గరికొచ్చి, నాలో మొహం దాచుకుని ఏడ్చింది. "ఒక్క అబద్ధమయ్యా. అవును, వచ్చేశామంటే నా సొమ్మేం పోయేది? పెద్ద సత్యవంతురాల్ని!" అని నెత్తి కొట్టుకుంది. అంతవరకూ కంటనీరు పెట్టని మనిషి, ఆ రోజు ఆపలేకపోయింది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక వచ్చి నా ముందు నిలబడుతుంది. "అవునయ్యా, వచ్చేశాం," అంటుంది. మొదట్లో ఆ మాట అనబోయి తడబడేది, సిగ్గుపడేది. ఇప్పుడు బాగా వచ్చేసింది. సొరంగం దాటామంటుంది. "నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టావు, చాల్లే, నువ్వే కూర్చో," అంటుంది. మంచు టపటపా పడతా ఉంది, చూడంటుంది. మంచు పడితే చప్పుడు కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకి తెలియదు.

చెప్పడం అయ్యాక నా ఖాళీ చేతిని పట్టుకుని, "ఊఁ అనవేందయ్యా?" అంటుంది.

కాసేపు ఎదురుచూసి, చెయ్యి వదిలేస్తుంది.