కళ్లు మూసుకుని విన్న చదువు

మా ఆయన స్టూడియోలో గొంతులు రికార్డు చేస్తారు. నేను అదే స్టూడియోలో సినిమాలకు డబ్బింగ్ చెబుతాను. ఇద్దరికీ ఒకటే జబ్బు. ఏదైనా బాగుందో లేదో తేల్చాలంటే కళ్లు మూసుకుని వింటాం. రెండో తరగతికి రాబోతున్న మా బుల్లెమ్మ చదువునూ అలాగే తేల్చేశాం. కథల పుస్తకం ఒళ్లో పెట్టుకుని అది పులికో గొంతు, కుందేలుకో గొంతు పెట్టి చదువుతుంటే, మేం గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని మురిసిపోయేవాళ్లం. మా అత్తయ్యైతే వీధంతా టాంటాం వేసేసింది.

అందుకే పోయిన వారం దాన్ని చేర్పించడానికి వెళ్లిన సందు చివరి చిన్న బడిలో మాకు ఒళ్లు మండింది. అక్కడి టీచరు నాలుగు మాటలు రాసిన చీటీ చేతికిస్తే, ఇది ఒక్కటైనా చదవకుండా ఏడుపు లంకించుకుంది.

"పాపకి ఇంకా అక్షరాలే సరిగ్గా రాలేదమ్మా. మొదటి తరగతిలో కూర్చోబెట్టి నేర్పుకుంటాం," అందావిడ.

మన పిల్లని పట్టుకుని అంత మాటంటుందా అని మా ఆయన దారి పొడవునా రుసరుసలాడారు. నేనూ తక్కువ తినలేదు. ఆవిడకి పిల్లల్ని భయపెట్టడం తప్ప ఇంకేం రాదని ఇంటికొచ్చేదాకా తిట్టిపోశాను.

ఈ రోజు పెద్ద బడికి వచ్చాం. ఇక్కడ సీటు దొరకడమంటే మాటలు కాదు. హాల్లో కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను. గోడల నిండా కప్పులు, పతకాలు. బుల్లెమ్మ నా వేలు వదలడం లేదు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, మళ్లీ వెళ్లాలంది. ఆఖరికి బల్ల మీదున్న కథల పుస్తకం తెచ్చి, "అమ్మా, ఇది ఒకసారి చదువు," అంది. ఊరికే ఉండలేక చదివాను. నా నోరు తిన్నగా ఉంటుందా? ఏనుగుకో గొంతు, చీమకో గొంతు పెట్టాను.

లోపలికి పిలిచాక పెద్ద మేడమ్ కూడా ఆ పుస్తకమే తీసి బుల్లెమ్మ ముందు పెట్టారు. అది గడగడా మొదలుపెట్టింది. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతూ వింటున్నారు. మా ఆయన కళ్లు అలవాటుగా మూతపడ్డాయి. నాకు మాత్రం కళ్లు మూసుకునేంత నిలకడ లేదు. అందుకే కనిపించింది. పిల్ల పేజీ తిప్పేసింది, మాటలు ఇంకా పాత పేజీలోనే ఉన్నాయి.

తెర మీద పెదవులు ఆగిపోయాక మాట వినిపిస్తే నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఇదీ అలాగే తెలిసిపోయింది. నేను ఊపిరి తీసుకున్న చోటే అదీ తీసుకుంటోంది. అది చదవడం లేదు, నన్ను అప్పజెబుతోంది.

"భలే చదివావమ్మా!" అన్నారు మేడమ్. "పై సెక్షన్‌లో వేద్దాం. అక్కడ అందరూ సొంతంగా పుస్తకాలు చదివేసే పిల్లలే. ఈ కాగితం మీద సంతకాలు పెట్టి ఇచ్చేయండి."

ఒక్క నిమిషం అని పిల్లని వరండాలోకి లాక్కొచ్చాను. గోడ మీది నోటీసు చూపించి, "ఇదేంటో చదువు తల్లీ," అన్నాను.

అది గోడ వైపు చూసింది, నా వైపు చూసింది.

"నువ్వు ఒకసారి చదువమ్మా. తర్వాత నేను బాగా చదువుతా."

నా ప్రాణం ఉసూరుమంది. కాగితం, పెన్ను పట్టుకుని వెనకే వచ్చిన మా ఆయన కూడా ఆ మాట విన్నారు. ఆయన ముఖం మాడిపోయింది.

"సీటొచ్చాక ఇప్పుడీ గొడవేంటే? ఇంట్లో మెల్లగా నేర్పుకుందాం. ముందు సంతకం పెట్టు," అన్నారు గొంతు తగ్గించి.

"ఆ పిల్లల మధ్య రేపట్నుంచి ఏం చేస్తుందండీ? దీనికి ముందు ఎవరు చదివిపెడతారు?"

"మరి అమ్మకి ఏం చెప్పను?"

ఆయన భయం అదన్నమాట! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అత్తయ్యకి నేను చెబుతాలెండి," అని విసవిసా లోపలికి వెళ్లాను.

"మేడమ్, మా పాపకి చదవడం రాదు. నేను చదివింది విని అప్పజెప్పింది. మొదటి తరగతిలో వేసి అక్షరాల నుంచి నేర్పిస్తారా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "సారీ అండీ. ఇక్కడ చదవడం వచ్చిన పిల్లల్నే తీసుకుంటాం."

వెనక్కి తిరిగితే బుల్లెమ్మ గుమ్మంలోనే ఉంది. అంతా వినేసింది. పదిమందిలో దాని పరువు తీసినట్టయిందని నేను చచ్చిపోయాను. ఏడుస్తుందనుకుని గబగబా వెళ్లి దాని ముందు కూర్చున్నాను. అది ఏడవలేదు. నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగింది.

"అయితే ఇప్పుడు నాకు నేర్పిస్తారా అమ్మా?"

గొంతులు వినడంలో ఆరితేరిన మా ఆయనకి ఆ గుసగుస వినపడకుండా ఎలా ఉంటుంది? సంతకం లేని కాగితాన్ని మేడమ్ బల్ల మీద పెట్టి, పిల్లని ఎత్తుకున్నారు. "ఆ సందు చివరి బడి టీచరు ఈ పూట ఉంటుందంటావా?" అన్నారు నాతో.