నాలుగో బెజ్జం

అమ్మేసిన వేణువును తిక్క మేస్త్రి మళ్ళీ నోట పెట్టడు. "అమ్మాక అది పరాయి నోరు" అంటాడు. మరమ్మతుకు తెచ్చినవాళ్ళే ఊది వినిపించాలి, ఆయన కళ్ళు మూసుకుని వింటాడు.

అలాంటివాడు ఆ మధ్యాహ్నం కుట్టుపిల్ల వేణువుకు ఊడిన దారం చుట్టి, ముడి బిగించి, తిన్నగా తన పెదవికే ఆనించుకున్నాడు. ఆమె గబుక్కున చెయ్యి చాపింది.

"ఇలా ఇయ్యి బాబాయ్, నేను ఊదుతాగా!"

ఆయన వినలేదు.

ముప్పై దాటినా ఆ కొట్లో ఆమె కుట్టుపిల్లే. బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కుతుంది. సాయంత్రం రంగశాల వాద్యబృందంలో ఒక్క ఖాళీకి పరీక్ష ఉంది. నెగ్గితే మిషను దిగుతుంది. లేకపోతే మళ్ళీ అవే కాలర్లు, అదే సూపర్‌వైజర్ నోరు.

మేస్త్రి ఒక్కో వేలూ ఎత్తుతూ వచ్చి నాలుగో బెజ్జం దగ్గర ఆగాడు. మళ్ళీ ఊదాడు. మొహం మాడిపోయింది.

"ఈ స్వరం కిందికుంది."

"లేదు బాబాయ్."

"నా చెవేం చచ్చిందా? కుట్టుపిల్ల వేణువులాంటిదే కావాలంటే, దీని కొలతలు దింపి ఇద్దరికి చేసిచ్చా. నాలుగోది ఏడుస్తోందని నిన్న తెచ్చి నా మొహాన కొట్టారు. మీకే ఊదడం రాదని తిట్టి తరిమా. తప్పు నాదేనన్నమాట!"

బెజ్జం పెద్దది చేయడానికి ఇనుప చువ్వను నిప్పుల్లోకి తోశాడు.

తప్పు ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. మొదటిసారి ఈ కొట్టుకు వచ్చినప్పుడు మిషను సూది దిగిన వేలికి కట్టుంది. అప్పటికే ఎన్నో కొట్లు తిరిగింది. అక్కడివాళ్ళు ఆమె వాలకం చూసి చవకరకం ముందు పడేశారు. ఈయన ఆమె చెయ్యి చూశాడు. ఎంచుకున్నవన్నీ లాగేసుకుని, ఆ చేతికి సరిపడా కొత్త వెదురు కోశాడు. కట్టున్న వేలు పెద్ద బెజ్జాన్ని మూయలేదని నాలుగోది చిన్నగా కాల్చాడు. వేలు మానింది. బెజ్జం పెరగదు కదా! స్వరం కిందికి జారితే పెదవితో పైకి నెట్టడం నేర్చుకుంది. చెబితే లాక్కుంటాడని నోరు మెదపలేదు. విద్వాంసులు తమ వేణువులు చేతికిచ్చినా ఆమెకు ఊపిరాడేది కాదు. అలిగిన పిల్ల అమ్మ దగ్గరికి పోయినట్టు దీని దగ్గరికే వచ్చేది.

ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేసింది.

"ఇన్నేళ్ళూ నా తప్పును మూతి మీద మోశావా?"

"మోశానో, ముద్దు చేశానో! నా మూతి నా ఇష్టం!"

మూల కూర్చుని వెదురు గీరుతున్న ఆయన భార్య తలెత్తింది. "మూతుల గొడవ కాస్త మెల్లగా. వీధి వీధంతా వింటోంది."

"నా ముద్ర ఉంది దాని మీద," అన్నాడు మేస్త్రి. "అబద్ధమాడే వేణువు ఈ గడప దాటదు."

"నేనూదితే అబద్ధమాడదు!"

"ఊదు మరి."

చువ్వ ఎర్రబడుతోంది. దానివైపే చూస్తూ ఆమె ఊదింది. నాలుగోది కిందికి జారింది. మళ్ళీ ఊదింది, మళ్ళీ జారింది.

"చూశావా? భయమేస్తే నీ పెదవి చేతులెత్తేస్తోంది. సాయంత్రం అక్కడ కూర్చునేవాళ్ళు నీ మేనమామలా, భయం వేయకుండా ఉండటానికి?"

ఆ మాట సూదిలా దిగింది. నిజం కాబట్టి దిగింది. వేణువు ఆయన ఒళ్ళో పడేసింది.

"కాల్చు."

రెండు చెక్కల మధ్య బిగించి చువ్వ దించాడు. పొగ లేచింది. ఆమె గోడవైపు తిరిగింది. ఆయన బూడిద ఊది, స్వరం చూసి, నిఖార్సుగా ఉందని చేతికిచ్చాడు.

ఆమె ఊదింది. నాలుగోది కీచుమని పైకెగిరింది. పెదవి దానంతటదే పాత చోటికి పోతోంది. ఎంత బిగపట్టినా పోతోంది.

"బెజ్జం దిద్దావు. ఇప్పుడు నా మూతినెవరు దిద్దుతారు బాబాయ్?"

మేస్త్రి భార్య కత్తి కింద పెట్టింది. "తిక్క తీరిందా? పిల్ల కూడు పడగొట్టావు."

ఆయన లేచి, దారాలకు రుద్దే మైనం ముద్ద తెచ్చాడు. ఎక్కువ కాల్చి మైనంతో పూడ్చేవాడిని ఈ వృత్తిలో మనిషిగా చూడరు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిటికెడు తీసి, వేళ్ళ మధ్య మెత్తగా చేసి, బెజ్జం అంచున అద్దాడు.

"ఊదు."

ఇంకా పైకే ఉంది. ఇంకాస్త అద్దాడు.

"ఊదు."

పెదవి పాత చోటికి పోయింది. స్వరం కూడా అక్కడికే వచ్చి నిలిచింది. ఇంకోసారి నిలిచింది.

"గెలిచినా ఓడినా రేపొచ్చి ఈ దరిద్రం గీకించుకో. తర్వాత సరిగ్గా ఊదడం నేర్చుకో."

"సరే."

"ఎండలో పట్టుకెళ్ళకు, కరుగుతుంది." ఆమె మెట్టు దిగకముందే మనసు మార్చుకున్నాడు. "ఆగు, నేనూ వస్తా. దారిలో ఊడిపడితే నువ్వేం అద్దుతావు, నీ మొహం!"

రంగశాలలో ఆమెను లోపలికి పిలిచారు. ఆయన మైనం గుప్పిట్లో పెట్టుకుని తలుపు బయట నిలబడ్డాడు. తెలిసిన వాద్యగాళ్ళు పలకరిస్తే తల తిప్పుకున్నాడు. లోపల పాట మొదలైంది. నాలుగోది వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టాడు. ఎక్కడా జారలేదు.

పాట ఆగింది. లోపల ఎవరో నవ్వారు.

"ఊదడం బాగుందమ్మా, నీకు చోటిస్తాం. మైనం పూసిన ఈ వేణువేంటి? ఏ చేతగానివాడు చేశాడు?"

"మా బాబాయ్. బయటే ఉన్నాడు, పిలవమంటారా?"

పిలవకముందే మేస్త్రి తలుపు తోశాడు.