ఈదయ్య తెల్ల ధోతి

అశోక్‌నగర్ కాంట్రాక్టర్ రాఘవేందర్ ఎవరో నవాబుల వారసుల దగ్గర పాత విదేశీ కారు కొన్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, చిక్కడపల్లికి కొత్తిమీర కోసం కూడా అందులోనే వెళ్లేవాడు. బయట తళతళలే గాని లోపల తోలు సీట్లు వెలిసిపోయి, తల ఆన్చేచోట కొబ్బరినూనె ఇంకి నల్లబడ్డాయి. పైన పటారం, లోన లొటారం. సీట్లు బాగుచేయించడానికి కారు తెచ్చిన రోజే, మనిషీ అంతేనని నారాయణగూడలో సీట్ల పని చేసే ఈదయ్య మొదటి చూపులోనే తేల్చేశాడు.

ఈదయ్య తాతతండ్రులు పాలమూరులో చెప్పులు కుట్టినవాళ్లు. తోలు గుణం అతనికి వేళ్లకు తెలుసు. నూనె కడిగి, గరుకు కాగితంతో రుద్ది, రంగు పట్టించి, అది ఆరాక రంగు బట్టలకు అంటకుండా పై పూత వేసేవాడు. మర్నాడు తెల్ల ధోతి కట్టుకుని ఆ సీట్లో కూర్చుని, అటూ ఇటూ గట్టిగా రాసుకుని లేచేవాడు. ధోతికి మరక అంటకపోతేనే కారు ఇచ్చేవాడు. ఆ పేరు మీదే అతని దుకాణం నడుస్తోంది.

శనివారం రాఘవేందర్ వచ్చేసరికి గోధుమరంగు సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి.

"రంగైతే వచ్చింది గద. తాళంచెవి ఇయ్యి. రేపు మా లీడర్‌ను మీటింగ్‌కు తీస్కపోవాలె."

"పై పూత ఇంక వెయ్యలే సార్. రేపు వేస్త. ఎల్లుండి ధోతి కట్టుకొని నేను కూసుంట. అప్పుడిస్త."

రాఘవేందర్ మొహం చిట్లించాడు. "నువ్వు కూసునుడేంది? ఆ సీట్ల మా అమ్మ కూసుంటది. మా ఇంట్ల పట్టింపులుంటయ్. పని చేసినవ్, చాలు."

ఈదయ్యకు ఒళ్లు మండింది. చచ్చిన గొడ్డు తోలు మీద కూర్చోవడానికి అడ్డురాని పట్టింపు, ఆ తోలును బాగుచేసినవాడు కూర్చుంటే అడ్డొచ్చిందట! ఏం పట్టింపో, ఏం మొహమో!

"కూసోకుంట నేనియ్యను సార్."

"కారు నాది," అంటూ రాఘవేందర్ తాళంచెవి లాక్కుని వెళ్లిపోయాడు.

ఆదివారం ఎండ పేలిపోయింది. హిమాయత్‌నగర్‌లో కారు దిగిన లీడరుగారి తెల్ల ఖద్దరు వెనక భాగమంతా గోధుమరంగే. జనం పగలబడి నవ్వారు. రాఘవేందర్ తడుముకోకుండా తప్పంతా ఈదయ్య నెత్తిన రుద్దాడు. ఈదయ్య వేసిన రంగు ఊడుతుందన్న మాట మర్నాటికి చిక్కడపల్లి దాకా పాకింది. కార్లు తెస్తామన్న ఇద్దరు మొహం చాటేశారు. ఇరవై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోయిందని ఈదయ్యకు అన్నం సహించలేదు.

బుధవారం రాఘవేందరే కారు తెచ్చాడు. చెడిన సీట్లను ముట్టడానికి ఊళ్లో ఇంకెవరూ ఒప్పుకోలేదట.

"మల్ల చెయ్యన్న. ఈసారి నువ్వే కూసో. నేనేమన."

ఇప్పుడు అన్న అయ్యాడు! ఈదయ్య పై పూతతో సహా పని మొత్తం చేశాడు. శనివారం రాఘవేందర్ ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంటులో వచ్చాడు. ఎదురుగా ఇరానీ హోటల్ నిండా జనం.

"ధోతి కట్టుకోలేదేందన్న?"

"ఇయ్యాల నేను కూసోను సార్. మీరు కూసోన్రి."

తాళంచెవి ఈదయ్య జేబులో ఉంది. రాఘవేందర్ నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"గట్ల కాదు. గట్టిగ రాసుకోన్రి."

రాసుకుని లేచాడు.

"హోటల్ దిక్కు వీపు పెట్టున్రి. జర వంగున్రి."

వంగాడు. ఈదయ్య తాపీగా కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని పై నుంచి కింది దాకా చూశాడు.

"ఒక్క చుక్క అంటలే! చూసిన్రా?"

"చూసినమన్నా!" అని హోటలంతా అరిచింది.

రాఘవేందర్ ఇంకా వంగే ఉన్నాడు. ఈదయ్య అప్పుడే లెమ్మనలేదు.