చొక్కా మీది రంగు

మా తమ్ముడు బీరువాల కార్ఖానాలో రంగు కొట్టేవాడు. ఇప్పుడు వాడి ఒంట్లో రక్తం తయారవడం లేదు. రంగులో కలిపే బెంజీన్ వల్లే అయ్యుంటుందని డాక్టరన్నాడు. తాగుడు వల్ల అన్నాడు కార్ఖానా మేనేజరు. సోడా తాగితేనే తల తిరుగుతుందనే వెధవకి తాగుడట! నాకు ఒళ్లు మండిపోయింది. రంగులో బెంజీన్ ఉందని తేలితే వైద్యమంతా కార్ఖానా చేయించాలి. తేలకపోతే వాడికి దిక్కులేదు.

తేల్చాల్సింది మా ల్యాబే. రంగుని చిన్న సీసాలో బిగించి వేడిచేస్తాం. లేచిన ఆవిరిని గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ అనే మిషన్ వెంట్రుకంత సన్నటి గొట్టంలోంచి పంపుతుంది. అందులో ఉన్న ఒక్కో పదార్థం ఒక్కో సమయంలో బయటికొచ్చి తెరమీద గీతని పైకి లేపుతుంది. బెంజీన్‌కి తొందరెక్కువ, ముందే వచ్చేస్తుంది.

కార్ఖానావాళ్లు సీలు విప్పని కొత్త డబ్బా పంపారు. బెంజీన్ రావాల్సిన చోట గీత లేవలేదు.

"వాడు కొట్టిన రంగు ఇది కాదు సార్," అన్నాను మా పెద్దసారుతో.

"అయితే వాడు కొట్టింది తీసుకురా, చూద్దాం."

మా మరదలింటికి పరుగెత్తాను. వాడి పని చొక్కా ఇంకా కొక్కేనికే వేలాడుతోంది.

"ఉతకబుద్ధి కాలేదు వదినా," అంది.

చొక్కా చేతుల నిండా ఆకుపచ్చ రంగు. దొరికార్రా అనుకున్నాను. బ్లేడుతో గీకి, సీసాలో వేసి, మిషన్ ముందు గుడ్లప్పగించి కూర్చున్నాను. గీత నేలకి అతుక్కుపోయినట్టు అలాగే సాగింది.

"ఆరిపోయిన రంగు కదమ్మా, బెంజీన్ ఎప్పుడో ఎగిరిపోయుంటుంది," అన్నాడు పెద్దసారు.

నాకు తెలీకనా? కొత్తగా చేరినవాళ్లకి ఆ పాఠం చెప్పేదే నేను. ఆశ నా బుర్రని తినేసింది.

"ఎక్కడికి ఎగిరిపోయింది సార్? కిటికీ లేని గదిలో, ముక్కుకి జేబురుమాలు కట్టుకుని నిలబడ్డవాడి ఊపిరితిత్తుల్లోకే కదా!"

"అది మన మిషన్ చూడలేదమ్మా," అని రిపోర్టు నా ముందుకి జరిపాడు. పాపం, ఆయన కళ్లెత్తలేదు. 'బెంజీన్ కనబడలేదు' అన్నచోట సంతకం పెట్టాను. రాసిందంతా నిజమే. ఆ నిజాన్ని చించి పారేయాలనిపించింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. తమ్ముడు దిండుకి ఆనుకుని నాకోసమే చూస్తున్నాడు.

"మిషన్ ఏం చెప్పిందక్కా?"

"ఏమీ దొరకలేదురా."

వాడి మొహం వెలిగిపోయింది.

"హమ్మయ్య! విషం లేదన్నమాట. అయితే తగ్గిపోతుంది కదూ?"

మరదలు నా మొహంలోకి చూసి, గోడవైపు తిరిగింది.

"తగ్గిపోతుందిరా," అన్నాను. ఆ రోజు నేనాడిన అబద్ధం అదొక్కటే.