నట్టు మీద గీత

చోడవరంలో చర్చి వెనక జనరేటరు పని అయ్యేసరికి పన్నెండూ నలభై అయింది. దేవకుమార్ చేతులు తుడుచుకుని, కిటికీ ఊచకు తగిలించిన చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. కూతురు మెర్లిన్ నుంచి రెండు మిస్డ్ కాల్స్, ఒక మెసేజి ఉన్నాయి. మెసేజి పన్నెండూ ఇరవైకి వచ్చింది.

"డాడీ, చక్రం ఎక్కించి కారు దించేసేను. అమ్మని పాడేరు పిన్ని ఇంట్లో దింపి సాయంత్రానికి వచ్చేస్తాను. కారు టెస్టు కూడా అయిపోద్ది. నట్లన్నీ చూసేను. అన్నింటికీ గీతలున్నాయి."

ఆయన చివరి మాట మళ్లీ చదివాడు. గీతలుంటే చక్రం ఎలా ఎక్కించింది?

కుడి చక్రం దగ్గర గీతలు గీసింది ఆయనే. దేవకుమార్ చక్కెర మిల్లులో ముప్పై రెండేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మిల్లులో పని సగంలో ఉండగా షిఫ్టు దిగే ఫిట్టరు, బిగించని ప్రతి నట్టు మీదా సుద్దతో అడ్డంగా గీత గీసి వెళ్లాలి. ఎక్కే ఫిట్టరు ఆ గీతలు వెతుక్కుని ఒక్కొక్కటీ బిగించి, బొటనవేలితో చెరిపేస్తాడు. గీత ఉంటే నట్టు వదులు. గీత లేకపోతే పని అయినట్టు. రిటైరైనా ఆయన జేబులో సుద్దముక్క ఉంటుంది.

మెర్లిన్ అనకాపల్లిలో ఒక కార్ల సర్వీసు సెంటర్లో మెకానిక్కు. పొద్దున ఎడమ చక్రం దగ్గర నట్లు బిగిస్తూ ఆ పిల్ల తెల్ల పెయింటు పెన్నుతో వాటి మీద ఏదో గీయడం ఆయన చూశాడు. తర్వాత ఇంకోసారి బిగించడానికి గుర్తు పెట్టుకుంటోంది కాబోలు అనుకున్నాడు. అడగలేదు. బిగింపు అయ్యాక గీత గీయడం సర్వీసు సెంటరు పద్ధతి అని ఇప్పుడు, చర్చి వెనక నిలబడి, ఆయనకి తెలిసింది.

మెర్లిన్‌కి ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. నడుపుతూ ఫోనెత్తితే కారు తాళం లాక్కుంటానని ఆ పిల్లకి చెప్పింది ఆయనే. భార్య జ్ఞానకుమారికి చేశాడు. ఆవిడ ఫోను సంచిలో ఉంటుంది, సంచి డిక్కీలో ఉంటుంది. అదీ మోగి ఆగిపోయింది.

"అన్నా, అన్నం తినేసి వెళ్దువు గాని," అన్నాడు ఎరిక్. చర్చిలో పాటలు నడిపించేది అతనే. జనరేటరు ఆగిపోయిందని పొద్దున దేవకుమార్‌ని పిలిచిందీ అతనే.

"బండి తియ్యరా."

"ఎక్కడికి?"

"మాడుగుల."

"హల్వాకేటి?"

దేవకుమార్ మొహం చూసి ఎరిక్ ఇంకేమీ అడగకుండా మోటారుసైకిలు తీశాడు.

కారు కొని ఆరేళ్లయింది. అప్పటికే అది ఇంకొకరు వాడిన బండి. నలుగురు కూర్చుంటే స్పీడ్ బ్రేకరు మీద పొట్ట రాసుకునేది. ముందు షాకబ్జార్బర్లు రెండూ నూనె కారుతున్నాయి. పాతవి మార్చడం కాదు, కాయిలోవర్లు చేద్దాం అంది మెర్లిన్. షాకబ్జార్బరు గొట్టం మీద మరలు ఉంటాయి, స్ప్రింగు దాని చుట్టూ కూర్చుంటుంది, స్ప్రింగు కింది రింగుని తిప్పితే కారు ఎంత ఎత్తు కావాలంటే అంత లేస్తుంది. తండ్రీ కూతుళ్లు ఇంటి వెనక షెడ్డులో మూడు శనివారాలు దాని మీదే ఉన్నారు. పాత గొట్టం మీద స్ప్రింగు కూర్చునే పళ్లెం కోసి తీసేశారు. లేతు షాపులో మరలున్న గొట్టాలు చేయించి తెచ్చారు. దేవకుమార్ వెల్డింగు చేశాడు. ఆ వెల్డింగు మీద కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద పూసి, పొద్దుటి దాకా ఉంచి చూశాడు. పగులుంటే సుద్ద మీద తడి చార తేలుతుంది. తేలలేదు. అయినా ఇంకోసారి చేసి చూశాడు.

ఈ మూడు వారాలూ ఆయన భయమంతా ఆ వెల్డింగు గురించే. నట్ల గురించి ఆలోచించలేదు.

పొద్దున ఎడమవైపు అయిపోయింది. కుడివైపు కాయిలోవర్‌ని చక్రం మోసే ఇనుప ముక్కకి పట్టి ఉంచే బోల్టులు రెండు. వాటిని దూర్చి, నట్లు వేళ్లతో తిప్పి, ఆయన మెర్లిన్ కోసం ఆగాడు. మెర్లిన్ బ్రేకు గొట్టం క్లిప్పుల కోసం బజారుకు వెళ్లింది. ఇంతలో ఎరిక్ ఫోను చేశాడు. దేవకుమార్ రెండు నట్ల మీదా గీతలు గీసి లేచాడు. వంటింట్లో ఉన్న జ్ఞానకుమారికి ఒక్క మాట చెప్పాడు.

"మెర్లిన్ వస్తే గీతలు చూడమని చెప్పు."

ఆవిడ చెప్పే ఉంటుంది. మెర్లిన్ చూసే ఉంటుంది.

"మరి నువ్వే బిగించీసి రావచ్చు కదన్నా?" అన్నాడు ఎరిక్, ఊరు దాటాక, తల వెనక్కి తిప్పి.

"ముందు సూసి నడుపు. మెర్లినే వద్దంది. నీ చేతి కొలత వద్దు డాడీ, టార్కు రెంచితోనే బిగించాలంది. సరిపడా బిగిసి అది టిక్కుమనే దాకా తిప్పాలంట. సరే, నువ్వే బిగించుకోవే అన్నాను."

"అయితే మాట ఇన్నందుకు వచ్చిందన్నమాట ఇదంతా."

దేవకుమార్ స్పీడ్ బ్రేకర్లు లెక్కపెడుతున్నాడు. ఆరోది దాటారు. ఒక్కో స్పీడ్ బ్రేకరు మీద చక్రం పైకి లేచి కింద పడుతుంది. పడినప్పుడల్లా బోల్టు అదురుతుంది. వేళ్లతో తిప్పిన నట్టు మూడు మరలో నాలుగు మరలో పట్టి ఉంటుంది. ఎన్ని అదురులకి ఒక మర వెనక్కి వస్తుందో ఆయనకి తెలియదు. మిల్లులో ఎవరూ దాన్ని కొలవలేదు. అక్కడ గీత చూసి బిగించేవాళ్లు.

క్రషింగ్ రోజులు. గోవాడ మిల్లుకి వెళ్లే చెరుకు ట్రాక్టర్లు ఎదురొస్తున్నాయి. ఒక్కోటి సగం రోడ్డు తింటోంది. ఎరిక్ మట్టిలోకి దిగి మళ్లీ ఎక్కుతున్నాడు. దేవకుమార్ రోడ్డు వైపే చూస్తున్నాడు. ఒకచోట తారు మీద ఏదో మెరిసింది.

"ఆపు, ఆపు!"

దిగి వెనక్కి పరిగెత్తాడు. సోడా మూత. కాలితో పక్కకి తన్ని వచ్చి ఎక్కాడు. అలా ఇంకో రెండుసార్లు ఆపించాడు. నాలుగోసారి ఎరిక్ ఆపలేదు.

"అన్నా, నట్టు దొరికితే ఏం చేస్తావు? జేబులో ఏసుకుంటావా? ముందు కారు దొరకాలి."

దేవకుమార్ మళ్లీ మెర్లిన్‌కి ఫోను చేశాడు. ఈసారి అందుబాటులో లేరని చెప్పింది.

జ్ఞానకుమారి చెల్లెలు పాడేరులో కొత్త ఇల్లు కట్టుకుంది. సాయంత్రం నాలుగింటికి అక్కడ కృతజ్ఞత ప్రార్థనల కూటం. మాడుగుల మీదుగా వెళ్తూ హల్వా తీసుకోకుండా జ్ఞానకుమారి చెల్లెలి గుమ్మం తొక్కదు. అక్కడ పదినిమిషాలైనా ఆగుతారు. దేవకుమార్ ఆ పదినిమిషాల మీదే ఆశ పెట్టుకున్నాడు. ఒకటీ పదిహేనుకి ఎప్పుడూ కొనే హల్వా దుకాణం ముందు దిగాడు. కారు లేదు.

"తెల్ల కారు, ఇద్దరు ఆడవాళ్లు. ఎప్పుడు వెళ్లేరు?"

"ఇప్పుడే బాబూ. పదినిమిషాలవుద్ది," అన్నాడు దుకాణదారుడు. "పెద్దావిడ కేజీ తీసుకున్నారు. కారులో ఏదో సప్పుడొస్తందని ఆ అమ్మాయి టైరు కాడ వంగి సూసింది."

"ఏటంది?"

"కొత్త స్ప్రింగంట. సెట్టయిపోద్దిలే అమ్మా అంది. ఎక్కి వెళ్లిపోనారు."

దేవకుమార్ బల్ల మీద చెయ్యి ఆనించాడు. శబ్దం వస్తోందంటే నట్టు కదిలింది. కొన్ని కిలోమీటర్లు పోతే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. అక్కడ ప్రతి మలుపులోనూ బరువంతా ఒకవైపు చక్రం మీద పడుతుంది. ఎడమకి తిరిగే ప్రతి మలుపులో కుడి చక్రం మీద.

"నీళ్లు తాగుతారా బాబూ?" అన్నాడు దుకాణదారుడు.

దేవకుమార్ అప్పటికే బండి ఎక్కాడు.

మాడుగుల దాటాక ఎరిక్ ఏదో పాట సన్నగా పాడుతున్నాడు. ఏ పాటో అతనికే తెలియదు. మధ్యలో ఆపి, "అన్నా, ప్రార్థన సెయ్యి," అన్నాడు. దేవకుమార్ చేస్తూనే ఉన్నాడు. ప్రార్థనలో మాటలు రావడం లేదు. కుడివైపు, కుడివైపు అని మాత్రం వస్తోంది.

మొదటి మలుపుకి ఇవతల, రోడ్డు పక్కన, కారు ఆగి ఉంది. ముందు చక్రాలు కొండ వైపు తిరిగి ఉన్నాయి. జ్ఞానకుమారి ముందు సీట్లో కూర్చుని ఉంది. మెర్లిన్ ఫోను లైటు ఆర్పుతూ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. తలుపు పడింది. ఇంజను స్టార్టయింది.

బండి పూర్తిగా ఆగకుండానే దేవకుమార్ దూకాడు. చెప్పు ఒకటి ఊడిపోయింది. కారు ముందుకి వెళ్లి బానెట్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు.

"డాడీ!" మెర్లిన్ కిటికీలోంచి తల బయట పెట్టింది. "నువ్వేటి ఇక్కడ?"

"ఆపు. ఇంజను ఆపు. దిగండి ఇద్దరూ."

"ఏటయిందండీ?" అంది జ్ఞానకుమారి.

"దిగమంటన్నాను కదే!"

దిగారు. ఆయన కుడి చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాడు. పై నట్టు లేదు. బోల్టు బొటనవేలంత వెనక్కి వచ్చేసింది. కింది నట్టు రెండు మరల మీద ఉంది. దాని మీద ఆయన గీసిన గీత అలాగే ఉంది.

కాసేపు చెయ్యి అక్కడే ఉంచాడు. తీస్తే బోల్టు జారుతుందేమో అన్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"నాకు సప్పుడు వినిపించింది డాడీ," అంది మెర్లిన్ పక్కన కూర్చుని. "వెల్డింగు పగిలిందేమో అనుకున్నాను. మూడుసార్లు ఆపి సూసేను. ఇప్పుడు కూడా లైటేసి సూసేను. వెల్డింగు బాగుంది."

"నట్లు సూడలేదా?"

"నట్లు మళ్లీ ఎందుకు సూస్తాను? నా రెంచితో నువ్వే బిగించీసేవనుకున్నాను. గీతలున్నాయి కదా."

"గీతుంటే వదులే కదే!"

"గీతుంటే బిగించినట్టు!"

"ఎక్కడ?"

"అంతటా! మా సెంటర్లో, అన్ని సెంటర్లలో! నీకెక్కడ?"

"మా మిల్లులో!"

ఎరిక్ ఒకసారి తండ్రిని, ఒకసారి కూతుర్ని చూశాడు. ఊడిన చెప్పు తెచ్చి దేవకుమార్ పక్కన పెట్టాడు.

"గీతలు సూడమన్నారు. సూడమని సెప్పేను," అంది జ్ఞానకుమారి. "నేను సరిగ్గానే సెప్పేను."

ఆ మాట నిజమే. ముగ్గురూ సరిగ్గానే చేశారు. మెర్లిన్ తండ్రి చెయ్యి కింద తన చెయ్యి పెట్టి తడిమింది. నట్టు ఉండాల్సిన చోట వేలు ఆగింది. ఆ పిల్ల లేచి జాకీ కోసం డిక్కీ తీసింది.

జాకీ పెట్టి కారు లేపారు. ఎరిక్ మాడుగుల వెళ్లి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో గుప్పెడు నట్లు తెచ్చాడు. దేవకుమార్ ఒక్కొక్కటీ వేళ్లతో తిప్పి చూశాడు. ఆరు నట్లకి మర కుదరలేదు. ఏడోది చివరిదాకా వెళ్లింది. మెర్లిన్ డిక్కీలోంచి టార్కు రెంచి తీసి బిగించింది. టిక్కుమంది.

"మళ్లీ," అన్నాడు దేవకుమార్.

మళ్లీ టిక్కుమంది.

"కిందది."

కిందదీ బిగించింది. ఎడమవైపుకి కూడా వెళ్లి పొద్దున బిగించినవన్నీ మళ్లీ రెంచి పెట్టి చూసింది. ఆయన ఆ పిల్ల వెనకే నిలబడి ప్రతి టిక్కూ విన్నాడు.

"ఇది ఊడిపోతే ఏటయ్యేది?" అంది జ్ఞానకుమారి.

"చక్రం లోపలికి ఒరిగిపోయేది."

"పైన, ఘాట్లోనా?"

ఆయన తల ఊపాడు. ఆవిడ కొండ వైపు చూసింది. కొంగు తల మీదికి లాక్కుని, రోడ్డు పక్కనే కళ్లు మూసుకుని నిలబడింది. ఎరిక్ టోపీ తీశాడు. చెరుకు ట్రాక్టరు ఒకటి హారన్ కొడుతూ వాళ్లని దాటుకుని వెళ్లింది. ఆవిడ కళ్లు తెరవలేదు.

తెరిచాక, డిక్కీలోంచి సంచి, హల్వా పెట్టె తీసుకుంది. "నేను బస్సులో పోతాను. కూటానికి అందుతాను. మీరిద్దరూ ముందు ఇంటికెళ్లి ఒకరి గీతలు ఒకరు నేర్చుకోండి."

బస్సు వచ్చింది. ఎక్కించారు. ఎరిక్ తన బండి మీద ముందు వెళ్తానన్నాడు. దేవకుమార్ వద్దన్నాడు. "ఎనక రా. సక్రం సూస్తా రా."

మెర్లిన్ స్టీరింగు ముందు కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు నడుపుతావా డాడీ?"

"నువ్వే నడుపు. నాకు ఇనబడాలి."

ఆయన కిటికీ అద్దం పూర్తిగా దించి తల బయట పెట్టాడు. కారు కదిలింది. కొత్త స్ప్రింగులు. స్పీడ్ బ్రేకరు మీద పొట్ట రాసుకోలేదు. మూడు వారాల పని బాగానే కుదిరింది. ఆ సంగతి ఇద్దరూ గమనించారు.

"ఏటన్నా ఇనిపిస్తందా?" అంది మెర్లిన్.

"లేదు. నడుపు."

వంద గజాలు పోయింది. మెర్లిన్ కారు పక్కకి తీసి ఆపింది. ఆయన కూడా అప్పటికే తలుపు తీశాడు. ఇద్దరూ దిగి కుడి చక్రం దగ్గర కూర్చున్నారు. ఆ పిల్ల రెంచి పెట్టింది. ఆయన ఆ తర్వాత చేత్తో తడిమి చూశాడు. ఎక్కారు. మాడుగుల చేరేలోగా ఐదుసార్లు దిగారు. చోడవరం పొలిమేర దాకా ఎన్నిసార్లో ఎరిక్ లెక్కపెట్టడం మానేశాడు.